తొమ్మిది కిలోమీటర్ల కారు

"ఓడినవాడు తన కారు గెలిచినవాడికి ఇచ్చెయ్యాలి. తర్వాత మాట తప్పకూడదు తమ్ముడూ!"

"తప్పితే మీసం తీయించుకుంటా అన్నయ్యా. మీరు మాత్రం ఏడవకండి."

తోడల్లుళ్ళిద్దరూ ఒకే కాంపౌండులో ఉంటారు. గ్యారేజీ కూడా ఒకటే. అందులో పెద్దల్లుడిది ఎర్రది, చిన్నల్లుడిది నల్లది. రెండూ ప్రపంచం మొత్తం గాలించినా యాభై దొరకని రేసు కార్లు. ఏది గొప్పదో తేల్చడానికి కార్ల పత్రిక విలేఖరిని పిలిపించారు. పాపం, ఆయన పిలవగానే వచ్చాడు.

"తాళాలివ్వండి సార్, రెండూ ఒక్కో రౌండు కొట్టొస్తా," అన్నాడు విలేఖరి.

ఇద్దరి మొహాల్లోనూ నెత్తుటిచుక్క లేదు.

"నడుపుతారా!"

"నడపకుండా ఎలా చెప్పను?"

"కొని ఆరేళ్ళయినా మేమే నడపలేదండీ!" అంటూ పెద్దల్లుడు భార్యను కేకేశాడు. ఆవిడ హ్యాండుబ్యాగు వెతికి తాళాలు తెచ్చి ఇచ్చింది. పెద్దల్లుడు తలుపు తీశాడు. "మీటరు చూడండి. పన్నెండు కిలోమీటర్లు!"

"నాది తొమ్మిదే," అని రొమ్ము విరుచుకున్నాడు చిన్నల్లుడు. "కడగడానికి బయటికి నెట్టినా అంకె కదలకూడదని ఇద్దరం మీటరు తీగ పీకించేశాం. కిలోమీటరు పెరిగితే విలువ పడిపోదూ?"

"మరి మీరు తిరిగేది?"

"బస్సులో. గురువారం గురువారం కార్ల క్లబ్బుకి పోతాం. సాయంత్రం దాకా కార్ల గురించే మాట్లాడుకుంటాం."

విలేఖరి నుదురు రుద్దుకున్నాడు. ఈలోగా తోడల్లుళ్ళు మళ్ళీ మొదలెట్టారు.

"నాది మూడు సెకన్లలో వంద అందుకుంటుంది!"

"నాది రెండున్నరలోనే!"

"ఎవడు చూశాడు?"

"పుస్తకంలో రాశాడుగా!"

"పుస్తకాలు నేనూ చదివాను సార్," అని చేతులు జోడించాడు విలేఖరి. "ఈ రెండూ నడిపి చూసినవాళ్ళే తేల్చాలి. అలాంటివాళ్ళు భూమ్మీద ఉన్నారనుకోను. నన్నొదిలెయ్యండి."

అప్పుడే అక్కాచెల్లెళ్ళిద్దరూ టీ పట్టుకొచ్చారు. పెద్దామె ట్రే తీసుకెళ్ళి సరాసరి ఎర్రకారు ముక్కు మీద పెట్టింది. పెద్దల్లుడు కెవ్వుమన్నాడు.

"ఊరుకోండి, దానికేం కాదు," అందామె. "విలేఖరిగారూ, రాసుకోండి, ఎర్రదే గొప్పది. మలుపులో రోడ్డుకి అతుక్కుపోతుంది. నల్లదానికి వెనకభాగం ఊగుతుంది."

"విన్నావా తమ్ముడూ! మా ఆవిడ..." అని ఎగిరి గంతేయబోయిన పెద్దల్లుడు సగంలో ఆగిపోయాడు. నోరు మాత్రం తెరుచుకునే ఉంది.

చెల్లెలు చేతిలో కప్పు ఠక్కున కింద పెట్టింది.

"ఊగే కారయితే, పోయిన గురువారం వంతెన మలుపులో నిన్నెలా దాటేశానక్కా?"