రెండింటి మధ్య

"మీ ఆయన ఇవాళ కూడా ఆ బేకరీ మేడ మీదికే వెళ్లాడమ్మాయ్," అంది పక్కింటి పిన్ని, ప్రహరీ గోడ మీదుగా తల పెట్టి. "ఆ పైవాటాలో ఎవరో అమ్మాయి ఒంటరిగా దిగింది. చూడ్డానికి చక్కగా ఉంటుంది కూడానూ."

గోడకి ఇవతల వింటున్న ఇల్లాలు చేస్తున్న పని ఆపేసింది.

ఆయన గోడౌన్‌లో గుమాస్తా. నెల రోజులుగా ఇంటికి ఆలస్యంగా వస్తున్నాడు. అడిగితే "సరుకు దిగింది" అంటున్నాడు. ఏ సంగతైనా తనే తేల్చుకోనిదే నమ్మే మనిషి కాదావిడ. చేతులకంటిన తెల్లపొడి కొంగుకు తుడుచుకుంది. "నేనొచ్చేదాకా నోరెత్తారో, వీపు చిట్లగొడతాను" అని ముందుగదిలో పిల్లల్ని కసిరి, చెప్పులు తగిలించుకుని బయల్దేరింది.

మేడ మీద తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఆడమనిషి నవ్వు.

"రెండింటి మధ్యా ఇరుక్కుపోయానండీ," అంటున్నాడు ఆయన, దీనంగా.

"మంచిదేగా! మధ్యలోనే ఉండండి. అటూ ఇటూ జరిగారో, వ్యవహారం మొత్తం తిరగబడుతుంది."

"మా ఆవిడకి తెలిస్తే చంపేస్తుంది."

ఆవిడ ఇక ఆగలేకపోయింది. తలుపు భళ్లున తోసింది.

బల్లకి అటు కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి. ఇటు ఆయన, చెవి వెనక పెన్సిలు దోపుకుని. గోడకి బోర్డు. దాని మీద x² − 5x + 6 < 0. కింద అడ్డంగా ఒక గీత, గీత మీద రెండూ, మూడూ.

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అది కాదే... ప్రమోషన్ పరీక్షలో అసమీకరణాలు ఇస్తారట. ఈవిడ కాలేజీలో లెక్కలు చెబుతారు. ఈ లెక్కకి జవాబు రెండుకీ మూడుకీ మధ్య ఉంటుంది. ఒట్టు, అంతే!"

"నిజమేనండీ," అంది అమ్మాయి కంగారుగా లేచి. "ట్యూషన్ తప్ప మరేమీ లేదు."

ఆవిడ బోర్డు వంక చూసింది. మొగుడి వంక చూసింది. ఉన్నపళాన కుర్చీలో కూలబడింది.

"ఇంకేదైనా అయితే గుండె రాయి చేసుకుని సర్దుకుపోయేదాన్ని కదండీ!" అంటూ బావురుమంది.

ఆ పేటలో పిల్లలంతా లెక్కల ట్యూషన్‌కి వచ్చేది ఆవిడ ముందుగదికే.