నడిమి వరసలో ఖాళీ

ప్యానెల్ మళ్ళీ ఊడింది.

సూపర్‌వైజర్ నీళ్ళ మీద తేలే దారిలో నిలబడి తల పట్టుకున్నాడు. రిజర్వాయర్ నిండా సోలార్ ప్యానెళ్ళు పరిచి ఉన్నాయి. అన్నీ బుద్ధిగానే ఉంటాయి. నడిమి వరసలో ఆ ఒక్కటే, సాయంత్రం బిగిస్తే పొద్దునకి పక్కకి జరిగి ఉంటోంది. ఆ ఖాళీలో నల్లటి నీళ్ళు.

“ఊరి దయ్యాలే సార్,” అన్నాడు పడవవాడు గొంతు తగ్గించి. “రాత్రిళ్ళు నీళ్ళలో దీపం కూడా కనిపిస్తోందట.”

ఊరంటే అడుగున మునిగిపోయిన ఊరు. పొలాలు పోయినవాళ్ళలో కొందరికి కంపెనీ ఈ ప్యానెళ్ళు తుడిచే పని ఇచ్చింది. దున్నిన చేల మీదే ఇప్పుడు గుడ్డ పట్టుకుని తిరుగుతున్నారు. కరెంటు మాత్రం దివ్యంగా వస్తోంది.

“దయ్యాలకి స్పానర్ ఎందుకయ్యా?” అని విసుక్కున్నాడు సూపర్‌వైజర్. “అందరూ వినండి. దొరికినవాణ్ణి ఆ పూటే పనిలోంచి తీసేస్తా.”

విన్నవాళ్ళలో ఒక మొగుడూ పెళ్ళాం ఉన్నారు. వాళ్ళంటే ఆయనకి అభిమానం. వాళ్ళ పనికి వంక పెట్టేందుకు లేదు.

“ఇద్దరూ పనికొస్తే పాపనెవరు చూస్తారమ్మా?” అని ఒకసారి అడిగాడు.

“దానికోసమే కదా సార్ ఈ పనిలో చేరింది,” అందామె.

“పాపకెన్నేళ్ళు?”

“ఆరు సార్,” అన్నాడు భర్త.

“పోయినేడూ ఆరే అన్నావు! ప్యానెళ్ళ లెక్క తప్పవు గానీ పిల్ల లెక్క తప్పుతావా?”

ఆయన పకపకా నవ్వాడు. వాళ్ళు నవ్వలేదు.

ఆ మధ్య పనివాళ్ళకి ఇంటికో సోలార్ దీపం పంచినప్పుడు ఆమె ఇంకొకటి అడిగింది. “పాపకి చీకటంటే భయం సార్.”

సూపర్‌వైజర్ కూతురికీ అదే భయం. లైటు తీస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. మారు మాట్లాడకుండా తన ఇంట్లో దీపం తెచ్చి ఇచ్చేశాడు. దాని మీద కూతురు అంటించిన నక్షత్రం బొమ్మ అలాగే ఉంది.

అందరినీ హెచ్చరించిన రోజు సాయంత్రం ప్యానెల్ దగ్గరుండి బిగించాడు. ఇంటికి వెళ్ళినట్టే వెళ్ళి, మసక చీకటి పడగానే ఒక్కడే పడవలో తిరిగి వచ్చాడు. గాలి లేదు. నడిమి వరసలో చిన్న వెలుగు. పడవవాడి మాట గుర్తొచ్చింది. అయినా తెడ్డు ఆపలేదు.

భర్త మోకాళ్ళ మీద వంగి నట్లు విప్పుతున్నాడు. పక్కనే భార్య దీపానికి తాడు కడుతోంది. దీపం మీద నక్షత్రం బొమ్మ ఉంది.

“మీరా?” కోపం కంటే ఏడుపే ఎక్కువొచ్చింది ఆయనకి. “మీ కడుపు మీద మీరే కొట్టుకుంటారా? ఉన్న ఒక్క పనీ పోతే ఎలా బతుకుతారు? నా చేత్తో నేనే మిమ్మల్ని తీసెయ్యాలా?” అని అరిచాడు.

భర్త విప్పిన నట్టుని భద్రంగా జేబులో వేసుకుని, ప్యానెల్ని మెల్లగా పక్కకి జరిపాడు.

ఆమె దీపాన్ని ఆ ఖాళీలోకి, నీళ్ళ అంచు దాకా దించి, పెదవుల మీద వేలుంచుకుంది.

“మెల్లగా సార్, ఈ కిందే మా ఊరి శ్మశానం, పాప ఇప్పుడే పడుకుంది.”