నెట్ లేని టీవీ

“నెట్ ఉన్నది వద్దని ఎన్నిసార్లు చెప్పాలయ్యా?” పెద్దాయన సేల్స్‌మన్ చేతిలోంచి రిమోట్ లాక్కున్నాడు.

“నెట్ లేని టీవీ ఇప్పుడెక్కడుంది బాబాయ్? అద్దం కొనుక్కుని గోడకి తగిలించుకోండి.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.

“మా మనవరాలు బొమ్మలు చూసుకోడానికి. పెన్‌డ్రైవ్ పెడితే చాలు. అలాంటిది ఇవ్వు.”

“గోడౌన్లో పాతదొకటి మూలుగుతోంది, ఇస్తాలెండి. ముందు దీన్ని చూడండి. చూశాక కూడా వద్దంటే అప్పుడడగండి.”

“వద్దు బాబూ, పెట్టకు,” అంది పక్కనే ఉన్న పెద్దావిడ. ఆవిడ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సేల్స్‌మన్ ఇంకో రిమోట్ తీశాడు. నెట్ ఎంత వేగంగా వస్తుందో చూపించడానికి, జనం ఎక్కువగా చూస్తున్న వీడియో పెట్టడం అతని అలవాటు. ఆ వారం అది నడిరోడ్డు మీద ఒకతన్ని కర్రతో కొట్టి చంపిన వీడియో.

తెర మీద కర్ర లేచింది. ఇక్కడ పెద్దాయన స్టూలు ఎత్తాడు.

తెర భళ్లున పగిలింది. బొమ్మ పోయినా లోపలినుంచి కేకలు వస్తూనే ఉన్నాయి. అవి ఆగేదాకా కొట్టాడు. అడ్డొచ్చిన సేల్స్‌మన్ ముక్కు చితికింది. షాపువాళ్లు ఇద్దరు పెద్దాయన్ని కింద పడేసి డొక్కలో తన్నారు. లేవబోతే గాజుపెంకులు అరచేతుల్లో దిగాయి. మళ్లీ తన్నారు.

“చంపేస్తారా ఏంటి, వదలండి!” పెద్దావిడ ఆయన మీద పడింది. ఒక తన్ను ఆవిడ భుజానికి తగిలింది.

యజమాని పరుగున వచ్చి వాళ్లని లాగేశాడు.

“ముసలాడికి పిచ్చి సార్,” అన్నాడు సేల్స్‌మన్. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది. “లోకమంతా చూస్తున్న వీడియోనే కదా పెట్టాను. ఈయనకేం పొయ్యేకాలం?”

యజమాని పగిలిన టీవీని, ఆ ఇద్దర్నీ చూశాడు. గొంతు తగ్గించాడు.

“ఆ వీడియోలో చనిపోయినతను మీకేమైనా అవుతాడా అమ్మా?”

“అల్లుడు.”

సేల్స్‌మన్ తల దించుకున్నాడు.

ఆవిడ భర్త అరచేతిలోంచి గాజుముక్క మెల్లగా లాగింది.

“నాన్న చచ్చిపోయాడని మనవరాలికి చెప్పాం బాబూ. చంపింది మేనమామ అని చెప్పలేదు.”