గేటు దగ్గర బురద

ఐర్లండ్ పడమటి కొసన మా కానమారాలో నవంబరు నుంచి వాన తెరిపివ్వలేదు. పొలం గేటు దగ్గర మోకాలి లోతు బురద. మా ముసలి గుర్రం బ్రోనా అందులో మూడో లాడం పోగొట్టుకుంది.

లాడాలు కొట్టే మలకీ దాని కాలెత్తి చూశాడు. "చర్మం పుండు పడిందత్తా. ఇక్కడ ఆరకపోతే దీన్ని వసంతం దాకా మా కొట్టానికి తోలుకుపోతాను."

నేను బ్రోనా మెడ పట్టుకున్నాను. "కంకర పోశాను, చెక్కపొట్టు పోశాను. ఇంకేం పొయ్యను నాయనా?"

"పొలమంతా వదిలేసి ఇక్కడే ఎందుకు తొక్కుతోందంటావ్? రోజుకెన్నిసార్లు వస్తావేంటి చూడ్డానికి?"

"ఎక్కువేం కాదు. పది, పన్నెండు. వాన పెరిగితే ఇంకో నాలుగు."

"నువ్వొచ్చినప్పుడల్లా అదీ వచ్చి నిలబడుతోంది. ఈ బురద వానది కాదత్తా, నీది! వారం రోజులు ఇంట్లో కూర్చో."

కూర్చున్నాను. వంటింటి కిటికీ దగ్గరే టీ, అక్కడే అల్లిక, అక్కడే దిగులు.

వారానికి మలకీ వచ్చాడు. గేటు దగ్గర నేల గట్టిపడింది. నేను మురిసేలోపే అతను ఇంటివైపు కంచె చూసి పకపకా నవ్వాడు.

సరిగ్గా నా కిటికీకి ఎదురుగా కొత్త బురద. అందులో బ్రోనా.

"నీతో లాభం లేదత్తా," అన్నాడు మలకీ. "పార తే. కంకర ఇక్కడ పోద్దాం."