సాయంత్రానికి ఒకటి

దారం కొస తడుపుదామని నోట్లో పెట్టుకుంటే, దర్జీ నాలుక అట్టలా ఎండిపోయి ఉంది.

అంతా కొత్త మాత్ర చలవ. చేతుల వణుకు తగ్గడానికి డాక్టరు రాశాడు. సాయంత్రానికి ఒకటి చొప్పున ముప్పై. నోరెండుతుందని, ఒక్కోసారి లేని మనుషులు కనిపిస్తారని ముందే చెప్పాడు. అలా కనిపిస్తే వెంటనే మాత్రలు ఆపేసి తన దగ్గరికి రమ్మన్నాడు.

కనిపిస్తున్న సంగతి దర్జీ ఎవరికీ చెప్పలేదు. చెబితే మాత్రలు ఆపేస్తారు. ఆపేస్తే ఆవిడ రాదు.

ఆవిడంటే భార్య. పోయి మూడేళ్ళయింది. మాత్రల సీసా ఇంటికొచ్చిన సాయంత్రం నుంచీ వస్తోంది. కుట్టుమిషను పక్కన పీట మీద కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇస్తుంది. "ఈ కాలరు మీరు కుట్టారా, మేక నమిలిందా?" అంటుంది. బతికున్నన్నాళ్ళూ అంతే, ఆ నోరు ఊరుకునేది కాదు.

సీసాది నొక్కి తిప్పే మూత. వణికే వేళ్ళకి లొంగేది కాదు. "మీరు తిప్పలు పడకండి" అని ఆవిడే అరచేతిలో మాత్ర పెట్టేది. చెయ్యి చల్లగా తగిలేది. మాత్ర బూడిద రుచి. మందన్నాక పాయసంలా ఉంటుందా అని గుటుక్కున మింగేవాడు. తిండి సయించడం మానేసింది. చొక్కా వదులైపోయింది. అయినా వణుకు మాత్రం తగ్గింది.

ముప్పయ్యో సాయంత్రం, రెండు వీధుల అవతల ఉండే కూతురు కూర తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరితో నాన్నా, నవ్వుతున్నావు?"

"ఎవరున్నారే? మిషనుతో."

"మిషనుకి టీ కూడా పెట్టావా?"

పీట మీద రెండో గ్లాసు ఉంది. ఇక దాచలేకపోయాడు. "మీ అమ్మ వస్తోందే. మాత్రలు మాత్రం ఆపించకు తల్లీ" అన్నాడు.

కూతురికి ఏడుపొచ్చింది. "నెల్రోజుల నుంచీ ఈ పాడు మందు మింగుతూ, నాకొక్క మాట చెప్పొద్దా? సగమైపోయావు!" సీసా లాక్కుని, మాత్రలన్నీ పారబోద్దామని వంటింటి తూము దగ్గరికి వెళ్ళింది.

భార్య ఆయన చెవి దగ్గరికి వంగింది. అరచేతిలో మాత్ర పెట్టింది.

"ఇదే ఆఖరిది. వేసుకున్నారంటే మనకిక ఈ రాకపోకలుండవు."

దర్జీ మింగేశాడు. ఎన్నాళ్ళకో ప్రాణం హాయిగా అనిపించింది. చేతులు చూసుకున్నాడు. ఆవగింజంత వణుకు కూడా లేదు.

వంటింట్లో మూత ఊడిన చప్పుడు.

"నాన్నా," అంది కూతురు సన్నగా, "మూత కింద అంటించిన కాగితం ఇంకా చిరగనే లేదు, ఇందులోంచి ఒక్క మాత్రా బయటికి రాలేదు."