దారి మళ్లింపు

పెద్దాయన అడుగు పెట్టిన చోటల్లా బురద.

"కాళ్లు కడుక్కుని రావచ్చుగా," అంది లారీల ఆఫీసు మేనేజరు, ఫోను చెవి నుంచి తీయకుండానే.

పొద్దుటి నుంచి ఆమె వేసిన ప్లాను వేసినట్టే చెడిపోతోంది. ముందు వాన. తర్వాత లారీ టైరు. ఇప్పుడు ఏటి మలుపు దగ్గర రోడ్డే కోసుకుపోయిందని కబురు. అవతల ఆసుపత్రిలో ఆక్సిజన్ అయిపోవస్తోంది. సిలిండర్ల లారీ గేటులోనే ఉంది.

"అమ్మా, ఆసుపత్రికెళ్లే లారీ..."

"అందులో మనుషుల్ని ఎక్కించం."

"ఎక్కడానికి కాదమ్మా. దారి గురించి ఓ మాట..."

"దారి సంగతి చూడ్డానికి మేమున్నాం. అసలే మూలిగే నక్కలా ఉన్నాను. మీరొచ్చి తాటిపండులా పడకండి."

గుమస్తాలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఒక్కసారి వినమ్మా. ఆలస్యమైతే..."

వాచ్‌మన్ భుజం పట్టుకుని ఆయన్ని బయటికి నడిపించాడు.

ఆమె డ్రైవరును పిలిచింది. "కొండ చుట్టూ తిప్పుకుని పో. దూరమే. ఇంకో దారి లేదు."

పొద్దువాలే వేళకు నర్సు ఫోను చేసింది.

"లారీ వచ్చిందండీ. కానీ ఒకరిని దక్కించుకోలేకపోయాం."

'ఉన్న దారిలోనే కదా పంపాను' అని ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంది.

మర్నాడు రెండో లోడుతో తనే బయల్దేరింది, కొండ దారి పట్టేముందు తెగిన రోడ్డు కళ్లారా చూద్దామని.

మలుపు దగ్గర డ్రైవరు బ్రేకు వేశాడు.

పక్కన మెరక మీద దానిమ్మ తోట. నట్టనడుమ లారీ పట్టేంత వెడల్పున చెట్లు పెకలించి ఉన్నాయి. గుంతల్లో రాళ్లు, వాటి మీద కాయలతో సహా కొమ్మలు. ఆ బాట తిన్నగా అవతలి రోడ్డులో కలిసింది.

గట్టు మీద ఒకతను కూర్చుని ఉన్నాడు.

"ఈ దారి ఎప్పుడు వేశారు?" అడిగింది.

"నిన్న తెల్లారగానేనమ్మా. మా అన్న తోట ఇది. రోడ్డు తెగిందని తెలిసి ట్రాక్టరు పెట్టించాడు. కాపు మీదుంది, వద్దన్నా వినలేదు. మీ లారీకి దారి చెప్పాలని బురదలో పడి మీ ఆఫీసుకు నడిచొచ్చాడే. చెప్పలేదా?"

ఆమె లారీ దిగి అతని దగ్గరికి వచ్చింది.

"ఆయన... ఎక్కడున్నారు?"

"ఆసుపత్రికి పోయాడమ్మా, వదిన శవాన్ని తెచ్చుకోడానికి. నిన్న ఆక్సిజన్ అందక పోయింది ఆవిడే."