క్యూలో మూడో పేరు

జూన్ ఆఖరి రాత్రి. వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టు మెట్ల ముందు, లోపల సీటు కోసం క్యూ కట్టి, పేవ్‌మెంట్ మీద పదకొండు మంది పడుకున్నారు. తెల్లారి పది గంటలకు మిగిలిన తీర్పులన్నీ చెప్పేసి కోర్టు సెలవుల్లోకి వెళుతుంది. వాటిలో ఒకటి ఓపల్ కొడుకు డేరియస్ మరణశిక్ష గురించి. అతను అలబామా జైల్లో ఉన్నాడు.

క్యూలో వాళ్ల పేర్ల కాగితం రిటైర్డ్ మాస్టారు ఎమెట్ దగ్గర ఉంటుంది. ఎవరైనా అరగంట దాటి కనపడకపోతే పేరు కొట్టేస్తారు. అందరూ ఒప్పుకున్న పద్ధతే.

రెండున్నరకు ఓపల్‌కు మెలకువ వచ్చింది. కోర్టు ముందున్న ఫౌంటెన్ల చప్పుడు ఆగిపోయి ఉంది. టార్చి వేసి కాగితం చూసుకుంది. మూడో పేరు తనది కావాలి. తనది నాలుగోదైంది.

"మాస్టారూ, నా ముందు ఎవర్ని దూర్చారు?"

"దూర్చడమేంటమ్మా, మీ అబ్బాయేగా! అమ్మ పక్కన రాసుకుంటానంటే పెన్నిచ్చాను. మీ గురక విని నవ్వాడు కూడా."

ఓపల్ మళ్లీ టార్చి వేసి మూడో పేరు చదివింది. డేరియస్. ఎడమచేతి వాటం అక్షరాలు. నెలనెలా ఉత్తరాల్లో చూసే రాతే.

"ఎటు వెళ్లాడు?"

"మంచినీళ్లకన్నాడు." ఎమెట్ వాచీ చూసుకుని పెన్ను మూత తీశారు. "అరగంటకు ఇంకా రెండు నిమిషాలున్నాయి. అందరికీ ఒకటే రూలమ్మా, ఏమనుకోకండి."

ఓపల్ ఆ పెన్ను లాక్కుని పిడికిట్లో బిగించింది. వీధి చివరిదాకా చూసింది. ఎక్కడా అడుగుల చప్పుడు లేదు.

వెనక చీకట్లోంచి ఎవరో అన్నారు: "నా దగ్గర ఇంకో పెన్నుంది, మాస్టారూ."